వెడల్పు రాశారు సరే, మట్టం ఎక్కడ?

సంపాదకులకు,

తిరుపతిలో ఏ రోడ్డు గురించి వార్త వచ్చినా అందులో ఒక అంకె తప్పకుండా ఉంటుంది. 40 అడుగులు, 60 అడుగులు, 80 అడుగుల మాస్టర్ ప్లాన్ రోడ్డు. పై నుంచి చూసి గీసిన నక్షాలో కనిపించేది వెడల్పే కాబట్టి ప్లాన్‌లో అదే రాస్తారు, పత్రికలో అదే అచ్చవుతుంది. చంకకర్రల మీద నడిచేవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, చంకన బిడ్డతో నడిచే తల్లి, నెత్తిన మూట పెట్టుకున్న యాత్రికులు ఆగిపోయేది మాత్రం ఎక్కువసార్లు మట్టం దగ్గర. తారు ఎంత ఎత్తున ఉంది, ఫుట్‌పాత్ ఎంత ఎత్తున ఉంది, బస్సు మెట్టు ఎంత ఎత్తున ఉంది? ఈ మూడు అంకెలు మన స్థానిక అభివృద్ధి పత్రాల్లో వెతికినా కనిపించవు. ఈ ఉత్తరం వాటి గురించే.

ముందు రోడ్డు ఎలా పెరుగుతుందో చూడండి. కొత్తగా వేసిన రోజు తారు మీది నుంచి ఫుట్‌పాత్ అంచురాయి, అంటే కెర్బ్, 150 మిల్లీమీటర్లకు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఫుట్‌పాత్ ప్రమాణం ఐఆర్‌సీ 103 చెబుతుంది. కొన్నేళ్లకో, ఏదో పెద్ద కార్యక్రమం ముందరో పాత తారు మీదే 30, 40 మిల్లీమీటర్ల కొత్త పొర వేస్తారు. అలాంటి పొరలు మూడు పడితే 150లో 100 దాకా మింగేస్తాయి. వాన నీళ్లు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. విరుగుడుగా కెర్బ్ మీద ఇంకో వరుస పెట్టి ఫుట్‌పాత్ ఎత్తు చేస్తారు. ఇప్పుడు పక్కనున్న అంగడి గడప పల్లమైంది. అంగడాయన గడప లేపుకుని, దాని ముందు సిమెంటు వాలు ఫుట్‌పాత్ మీదికే పోయిస్తాడు. పక్కంగడాయన ఇంకో నాలుగంగుళాలు ఎక్కువ లేపుతాడు. కొన్నేళ్లలో ఆ ఫుట్‌పాత్ వరి మడి గట్లలాగా మిట్టపల్లాలవుతుంది, జనం దిగి తారు మీద నడుస్తారు. ఆక్రమణ అని అంగడాయనకు నోటీసు ఇస్తారు గానీ, అసలు తప్పు జరిగింది పాత పొర గీకకుండా కొత్త పొర పరిచిన రోజున.

దీనికి మందు మిల్లింగ్. ఎంత మందం కొత్త పొర వేస్తున్నారో అంత పాత తారు గీకి తీయాలి. ఎస్టిమేట్‌లో మిల్లింగ్ వేరే ఐటంగా లేకపోతే కాంట్రాక్టరు చేయడు, చేయమని అడిగే హక్కూ ఉండదు. దాంతోపాటు ప్రతి ప్రధాన రోడ్డుకూ తారు మట్టం ఇంత, దీన్ని దాటకూడదు అని ఒక అంకె ఖరారు చేసి, కల్వర్టు గోడ మీదో, ప్రభుత్వ భవనం పునాది మీదో బెంచ్‌మార్క్, అంటే చెరగని ఎత్తు గుర్తు, చెక్కించాలి. ఆ అంకె తెలిస్తే కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు కూడా గడప ఎంత ఎత్తు పెట్టుకోవాలో భయం లేకుండా నిర్ణయించుకుంటారు.

ఇక కాలవ. మన ఊళ్లో చాలాచోట్ల ఫుట్‌పాత్ అంటే మురుగు కాలవ మీద పరిచిన శ్లాబులే. పూడిక తీయడానికి వాటిని గడ్డపారతో లేపుతారు. అంచులు విరుగుతాయి, మళ్లీ పెట్టినప్పుడు ఒకటి పైకి, ఒకటి కిందికి. లేపడానికి వదిలిన ఇనుప కడ్డీ కొంకి పైకి పొడుచుకుని ఉంటుంది. కళ్లు బాగున్నవాళ్లకే అది చీకట్లో కనబడదు. కాలవ మీద శ్లాబు కదలకుండా పోసేసి, శుభ్రం చేయడానికి విడిగా చాంబర్లు, వాటికి చట్రంలో కూర్చునే మూతలు పెడితే ఈ గొడవ ఉండదు. మూత ఫుట్‌పాత్‌తో సమానంగా ఉండాలి, లేపే కన్నం మూతలోనే గుంటగా ఉండాలి. ఇనుప జాలీ అయితే సందు 12 మిల్లీమీటర్లకు మించకూడదు, కడ్డీలు నడిచే దిశకు అడ్డంగా ఉండాలి. నిలువుగా పెడితే చక్రాల కుర్చీ ముందు చక్రం, చేతికర్ర కొన రెండూ అందులో దిగబడతాయి.

ఇంటి గేట్ల దగ్గర జరిగే పొరపాటు ఇంకొకటి. కారు లోపలికి పోవాలని ఫుట్‌పాత్‌ను అక్కడ పూర్తిగా తారు మట్టానికి దించేస్తారు. ప్రతి గేటుకూ ఒక దిగుడు, ఒక ఎక్కుడు. చేయాల్సింది తలకిందులు: ఫుట్‌పాత్ మట్టం మారకూడదు, కారే ఎక్కి దిగాలి. ఫుట్‌పాత్‌లో నడిచే భాగం 1.8 మీటర్లు వదిలేసి, రోడ్డు వైపు 0.6 మీటర్లు స్తంభాలకు, చెట్లకు పెట్టుకుంటే, ఆ 0.6 మీటర్లలోనే కారు ఎక్కే వాలు ఇమిడిపోతుంది. 150 మిల్లీమీటర్ల ఎత్తును 600లో ఎక్కడం కారుకు లెక్క కాదు. పైగా అక్కడ నెమ్మదిస్తుంది, అదీ మంచిదే.

మనిషికి మాత్రం అంత వాలు పనికిరాదు. కూడలి దగ్గర చక్రాల కుర్చీ దిగే వాలు 1:12 దాటకూడదు. అంటే 150 మిల్లీమీటర్లు దిగడానికి 1.8 మీటర్ల పొడవు కావాలి. మేస్త్రీకి వదిలేస్తే మూడడుగుల్లో ముగించేస్తాడు. అది వాలు కాదు, జారుడుబల్ల. ఫుట్‌పాత్ వెడల్పే 1.8 మీటర్లున్నచోట ఈ వాలు పూర్తి వెడల్పును తినేస్తుంది కాబట్టి అక్కడ మూల మొత్తాన్ని రెండు వైపుల నుంచీ నిదానంగా తారు మట్టానికి దించడమే మేలు. వాలు తారును కలిసేచోట అంచు మిగలకూడదు. 20 మిల్లీమీటర్ల అంచు చాలు, చక్రాల కుర్చీ చిన్న చక్రం తన్ని ఆగడానికి, కూర్చున్న మనిషి ముందుకు తూలడానికి. వాన నీళ్లు లాగే జాలీ ఈ వాలుకు ఎగువన ఉండాలి. దిగువన పెడితే వాలు కొసలో మడుగు కడుతుంది, మోకాళ్ల దాకా కాకపోయినా చెప్పుల దాకా.

వాలు సరిగా ఉందో లేదో చూడటానికి ఇంజినీరే కానక్కర్లేదు. సరిగ్గా 1.2 మీటర్ల పొడవున్న, వంకర లేని చెక్క ఒకటి, మేస్త్రీ రసమట్టం ఒకటి తీసుకోండి. చెక్క ఒక కొనను వాలు పైభాగాన ఆనించి, రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చేదాకా రెండో కొనను గాల్లో ఎత్తి పట్టుకోండి. ఆ కొనకూ నేలకూ మధ్య ఎడం 100 మిల్లీమీటర్లు దాటితే వాలు 1:12 కంటే నిటారుగా ఉన్నట్టే. అదే చెక్కను ఫుట్‌పాత్‌కు అడ్డంగా పెట్టి చూస్తే ఎడం 24 మిల్లీమీటర్లు దాటకూడదు. నీళ్లు జారడానికి 1:50 చాలు. అంతకు మించితే చక్రాల కుర్చీ తనంతట తనే రోడ్డు వైపుకు లాగేస్తుంది, కూర్చున్నవాళ్లు దారి పొడుగునా ఒక చేత్తో దాన్ని ఆపుకుంటూ పోవాలి.

ఫుట్‌పాత్ మీద పరిచే పసుపు పలకల సంగతి కూడా చెప్పాలి. 300 మిల్లీమీటర్ల చదరాలు: గీతలున్నవి సాగమని, చుక్కలున్నవి ఆగమని. చూపు లేనివాళ్ల కాళ్లకు, కర్రకు అది లిపి. దాన్ని అలంకారం అనుకుని పరిచినచోట గీతలు నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలోకి తీసుకుపోతాయి. ఇంకో తమాషా ఏమిటంటే, చాంబర్ మూత మీద కూడా ఈ పలకలే అతికిస్తారు. పూడిక తీశాక మూతను తిప్పి పెడితే గీతలు ఒక్కసారిగా రోడ్డు మధ్యకు దారి చూపిస్తాయి. మూతకూ చట్రానికీ ఒక మూల గుర్తు పెట్టించి, అదొక్క దిశలోనే కూర్చునేలా చేయించడం పెద్ద పని కాదు.

మన ఊరికే ప్రత్యేకమైన మాట ఒకటి. ఇక్కడ చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు వేలల్లో ఉంటారు. అలిపిరి మెట్ల దాకా పోయే దారిలో మే నెల మధ్యాహ్నం ముదురురంగు సిమెంటు టైల్స్ మీద అడుగు పెట్టి చూడండి. లేతరంగు రాయి, వరుసగా చెట్ల నీడ, తాగునీళ్లు ఇక్కడ సోకు కాదు, రవాణా సదుపాయమే. నున్నటి గ్రానైట్ మాత్రం వద్దు, చినుకు పడితే జారుతుంది; గరుకు చేసిన రాయి కావాలి.

ఇప్పుడు బస్సు. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. కొండ మీద ఉచితంగా తిప్పే ధర్మరథాల్లోకీ ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. 2023లో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ కింద దేశంలో 10,000 నగర బస్సులు రావాలి. పొగ తగ్గడం నిజం, సంతోషం. కానీ బస్సు కరెంటుతో నడిచినా డీజిల్‌తో నడిచినా మనిషి ఎక్కాల్సింది నేల మీద నుంచే. నగర బస్సు నేల ఎత్తుకు మూడు కొలతలున్నాయి: 400, 650, 900 మిల్లీమీటర్లు. ర్యాంపు పలక వేసి చక్రాల కుర్చీని ఎక్కించగలిగేది ఆచరణలో 400దే. అది కూడా బస్టాపు సరిగా ఉంటేనే. ప్రయాణికులు తారు మీద నిలబడితే 400 మిల్లీమీటర్లు ఎక్కాలి. 150 మిల్లీమీటర్ల ఫుట్‌పాత్ అంచుకు బస్సు ఆనుకుని ఆగితే 250 చాలు. బస్సు ఒక పక్కకు వంగే రకమైతే ఇంకా తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ 150 ఎంతో వాళ్లనే అడగాలి. బస్సు కొనడానికి కోటికి పైగా పెడతాం, బస్టాపు అంచుకు సిమెంటు మాత్రం పెట్టం.

బస్సు అంచుకు ఎందుకు ఆనదు? బస్ బే వల్ల. ఫుట్‌పాత్‌ను లోపలికి కోసి బస్సుకు గూడులా చేస్తారు. అందులో ముందుగా షేర్ ఆటోలు చేరతాయి. బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, జనం ఆటోల సందుల్లోంచి పరుగెత్తి ఎక్కుతారు. హైవే మీద బస్ బే కావాలి, ఊళ్లో వద్దు. ఊళ్లో చేయాల్సింది ఫుట్‌పాత్‌నే బస్సు నడిచే వరుస దాకా ముందుకు జరపడం. బస్సు వంకర తిరగకుండా నేరుగా వచ్చి అంచుకు ఆగుతుంది, ఆటో దూరడానికి చోటుండదు, ఎదురుచూసేవాళ్లకు నిలబడే జాగా పెరుగుతుంది. ఆటోలను తరిమితే ఊరు నడవదు కాబట్టి వాటికి బస్టాపు దాటాక, ముందు కాకుండా తరవాత, నాలుగైదు ఆటోలు పట్టే చోటు గీసివ్వాలి. షెల్టరు స్తంభాలు ఫుట్‌పాత్ నడుమ పాతకూడదు, వెనకాలో ముందరో 1.8 మీటర్లు ఖాళీ దారి మిగలాలి.

60 అడుగుల రోడ్డులో ఇవన్నీ పడతాయా అని అడుగుతారు. 60 అడుగులంటే దాదాపు 18 మీటర్లు. రెండు వైపులా 2.4 చొప్పున ఫుట్‌పాత్, దాని కిందే కాలవ. నడుమ 1.2 డివైడర్. మిగిలింది 12, ఒక్కో వైపు 6 మీటర్లు. బస్సూ ఆటో పక్కపక్కన పోవచ్చు. రోడ్డు దాటేచోట డివైడర్ 1.2 చాలదు. చక్రాల కుర్చీ, వెనక తోసే మనిషి కలిపి దాదాపు 1.8 మీటర్ల పొడవుంటారు. అక్కడ డివైడర్‌ను 2 మీటర్లు చేసి, తారు మట్టానికి కోసి, రెండు వైపులా వాహన దారిని 5.6కు తగ్గించాలి. పట్టనిది ఒక్కటే, రోడ్డు వారగా రోజంతా నిలిపే కార్లు. ఎక్కడ కోత పెట్టాలో అక్కడే పెట్టాలి.

సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లకు సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల వేగం లెక్క వేస్తారు. ఆ లెక్కన 14 మీటర్లు దాటడానికి 12 సెకన్లు. చేతికర్రతో నడిచే పెద్దవాళ్ల వేగం 0.8 అనుకోండి, 17, 18 సెకన్లు కావాలి. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులున్న దారిలో రెండో లెక్కే వాడాలి. ఎముకల, కీళ్ల చికిత్సకు బర్డ్‌కు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లలో చాలామంది బస్సో రైలో దిగి వచ్చేవాళ్లే. ఊరంతా ఒకేసారి బాగుచేయడం కుదరదు గనక మొదటి పనిగా రైల్వే స్టేషన్, బస్టాండు నుంచి ఈ ఆసుపత్రుల గుమ్మం దాకా ఒక్క దారిని, ఒక్క మెట్టు లేకుండా, ఒక్క సందు వదలకుండా పూర్తిచేయాలి. పది రోడ్లలో తలా వంద మీటర్లు వేసి వదిలేస్తే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? ‘తిరుపతి క్షవరం’ అనే సామెత మన ఊరి పేరు మీదే ఉంది.

2023లో పూర్తిగా తెరుచుకున్న శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ దాదాపు 7 కిలోమీటర్లు. పైన అతుకుల దగ్గర వాహనం ఎగరకుండా మట్టాలు మిల్లీమీటర్ల లెక్కన చూసుకునే కట్టారు. ఆ లెక్క చేయగలిగిన ఊరికి కింద ఫుట్‌పాత్ మట్టం చేతకాదంటే ఎవరూ నమ్మరు.

చట్టం లేక కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రమాణాలు పాటించని భవనానికి 44వ సెక్షన్ ప్రకారం ప్లాన్ అనుమతి గానీ, పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదు. పాత ప్రజా భవనాలను మార్చడానికి 45వ సెక్షన్ ఇచ్చిన గడువు నిబంధనలు వచ్చిన నాటి నుంచి ఐదేళ్లు. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు కావాలని చెప్పింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఎ సెక్షన్ రోడ్డు డిజైన్, నిర్మాణంలో భద్రతా ప్రమాణాలు తప్పడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా అంటుంది. వీధి వ్యాపారుల చట్టం 2014ది. పూల బుట్ట, కొబ్బరికాయల బండి ఉన్నవాళ్లను సర్వే చేయకుండా, చోటు చూపకుండా లేపడానికి వీల్లేదు. ఫుట్‌పాత్ ఖాళీ చేయడమంటే మొదట వాళ్లమీదే పడటం అలవాటైపోయింది. బైకుల జోలికి పోరు.

ఊరి అంచుల్లో ఇంకో రకం సమస్య. అవిలాల, పేరూరు, కరకంబాడి వైపు లేఅవుట్లు పెరుగుతున్నాయి. ఒక్కో లేఅవుటుకు చుట్టూ గోడ, ఒకే గేటు ఉంటే, గోడ అవతల 200 మీటర్లలో ఉన్న బస్టాపుకు కిలోమీటరు చుట్టి పోవాలి. చుట్టి పోవడం ఎందుకని ఇంటికో బండి కొంటారు, తరవాత ట్రాఫిక్ అని అందరం కలిసి తిట్టుకుంటాం. లేఅవుట్ అనుమతి ఇచ్చే దశలోనే పక్క లేఅవుటుకు 3 మీటర్ల నడకదారి వదలాలని షరతు పెట్టడానికి తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాకు ఖర్చేమీ లేదు. ఇళ్లు కట్టాక ఆ దారి కొనాలంటే ఎవరి తరమూ కాదు. బస్సు లోపలికి రావాలంటే మలుపులు కూడా చూసుకోవాలి. 12 మీటర్ల బస్సు తిరగడానికి బయటివైపు దాదాపు 12 మీటర్ల వ్యాసార్థం కావాలి.

చివరికి పని చెడేది ఎస్టిమేట్ దగ్గర. ‘ఫుట్‌పాత్, ఇన్ని చదరపు మీటర్లు’ అని ఒక్క ముక్కలో రాస్తే కూడలి వాలుకు విడిగా డబ్బు లేదు, కాబట్టి అది ఎవరి పనీ కాదు. ప్రతి వాలూ, ప్రతి చాంబర్ మూతా, డివైడర్ కోతా సంఖ్యలో రాయాలి, కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఒక్కోటి కొలిచి ఎక్కించాలి. పని వరుస కూడా ముఖ్యం. మొదట కాలవ, తరవాత నీటి పైపులు, కరెంటు తీగలకు గొట్టాలు, కూడలికి అడ్డంగా ఒకటి రెండు ఖాళీ గొట్టాలు, ఆ మీదట కెర్బ్, తారు, అన్నిటికన్నా చివర ఫుట్‌పాత్ రాయి. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారైతే తారు మొదట పడుతుంది, మిగతావన్నీ దాన్ని తవ్వుకుంటూ వస్తాయి.

అడిగేది ఇంతే. ఏ రోడ్డు పనికైనా టెండరు పిలవడానికి నెల ముందు దాని అడ్డుకోత నక్షా, అంటే రోడ్డును అడ్డంగా కోస్తే ఎత్తుపల్లాలు కనిపించేలా గీసిన బొమ్మ, ఒక్క పేజీలో, తెలుగులో, కార్పొరేషన్ కార్యాలయం గోడకు, ఆ వీధి మొదట్లో అంటించాలి. అందులో ఐదు అంకెలుండాలి: తారు మట్టం, కెర్బ్ ఎత్తు, ఖాళీ నడకదారి వెడల్పు, కూడలి వాలు, బస్టాపు అంచు ఎత్తు. పనయ్యాక చివరి బిల్లు ఇచ్చే ముందు చక్రాల కుర్చీలో ఒకరు, తెల్లకర్రతో ఒకరు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎవరి సాయం లేకుండా వెళ్లి రావాలి. ఆగిన ప్రతిచోటా సుద్దతో గీత గీసి, అవి సరిచేశాకే సంతకం పెట్టాలి.

ఇట్లు,
రోడ్లు, పట్టణ ప్రణాళిక పనులు తెలిసిన కొందరు,
తిరుపతి